మూలికలు, బలము మందులు – ఫార్మసిస్టు బాధ్యత

పైరునకు జింకు లోపము కనబడినపుడు జింకు సల్ఫేటును డి.ఏ.పి.తో కలిపి వేయరాదని మన రైతులలో ఎఱుగనివారు అరుదు. రెండును పైరునకు మేలుచేయునవియే. కాని ఒక్కమారుగా వేసినచో భాస్వరము జింకును బంధించి వేరునకు అందకుండ చేయును. పెట్టిన సొమ్ము నేలపాలగును. కావుననే తెలివిగల రైతు ఎరువుల కొట్టునొద్ద, ఇది దేనితో కలియును, దేనితో కలియదు, ఎన్నాళ్లు ఎడము విడువవలెను అని అడిగి తెలిసికొనిగాని మూట బండి కెత్తడు. ఆ రైతే మందుల అంగడికి పోయి తన దేహమునకు గాని, తన ఇల్లాలికి గాని మందు కొనునపుడు ఆ ప్రశ్న అడుగుట మఱచుచున్నాడు.

థైరాయిడు జబ్బునకు వాడు మాత్ర నేడు మన గ్రామములలో అనేక గృహములందు కలదు. తెల్లవారగనే పరగడుపున దానిని వేసికొందురు. మోకాళ్ల నొప్పులకని కాల్షియము బిళ్లను, రక్తహీనతకని ఇనుపధాతువు మాత్రను కూడ అప్పుడే మ్రింగివేయుట కొందరి అలవాటు. కాల్షియమును, ఇనుమును థైరాయిడు మందును ప్రేగులలోనే పట్టుకొని రక్తములోనికి పోనీయవు. రెంటికి నడుమ 4 గంటల ఎడము ఉండవలెను. ఈ ఎడము పాటింపనిచో మందు చాలుట లేదని వైద్యుడు మోతాదు పెంచును. కొన్నాళ్లకు రోగి కాల్షియము మానివేయగా, పెంచిన మోతాదు ఎక్కువై గుండెదడ పుట్టును. ఇందు వైద్యుని తప్పు లేదు, మందు తప్పును లేదు. నడుమ ఒక్క మాట చెప్పువాడు లేకపోయెను. ఆ మాట చెప్పవలసినవాడు ఫార్మసిస్టు.

ఈ విషయమును సహకార సంఘముల పత్రికలో మేము ఎత్తుకొనుటకు కారణము కలదు. 2023 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వమువారు దేశమునందలి 2000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములచేత ప్రధానమంత్రి భారతీయ జన ఔషధి కేంద్రములను తెఱపింప నిర్ణయించిరి. 1904 సంవత్సరపు చట్టముతో అప్పుల నిమిత్తము పుట్టి, తరువాత ఎరువులు, విత్తనములు చేపట్టిన సంఘములు ఈ విధముగా మందుల బల్ల వెనుకను నిలువబడినవి. అట్టి కేంద్రమునకు చదివి రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండితీరవలెను. ఆ ఫార్మసిస్టు సంఘపు ఉద్యోగి, సంఘము సభ్యులది. కావున అతడు మనకు ఏమి చేయవలెనో, అతనితో మనము ఏమి చెప్పవలెనో తెలిసియుండుట సభ్యులకు స్వంతపని యైనది.

మూలికలు మనకు క్రొత్తవి కావు. కరక్కాయ, శొంఠి, వాము, నేల ఉసిరి ఎఱుగని గృహము లేదు. వానిని నిందించుటకు మేము పూనుకొనలేదు. మూలిక వట్టి ఆకు కాదు, అది మందు అని చెప్పుటయే మా ఉద్దేశము. పనిచేయు శక్తి గలది యేదైనను హానిచేయు శక్తియు గలదై యుండును. మన వాకిళ్లలో పూచు బిళ్లగన్నేరు సంగతి చూడుడు. చక్కెర జబ్బునకు మంచిదని జమైకా ద్వీపమున దాని ఆకుల కషాయము త్రాగెడి వాడుక యుండెను. ఆ ఆకులను కెనడాలోని పశ్చిమ ఒంటారియో విశ్వవిద్యాలయమున నోబుల్, బీర్ అను శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. ఎలుకలకు చక్కెర తగ్గలేదు. కాని ఆకుసారమును సూదిద్వారా ఎక్కింపగా వాని రక్తములోని తెల్లకణములు పడిపోయి, అంటురోగములు సోకి అవి చచ్చుచుండెను. ఆ జాడను పట్టి 1958 నాటికి వారు వెలికి తీసిన విన్‌బ్లాస్టిన్ నేటికిని క్యాన్సరు చికిత్సలో వాడబడుచున్నది. వైద్యులు రక్తపరీక్షలు చేయుచు, కొలిచి కొలిచి ఎక్కించు మందునకు తల్లియైన ఆకును కొందరు సోదరులు ఉదయము గుప్పెడు నమలి, ఇది ప్రకృతి ఇచ్చినది గనుక దోషము లేదనుచున్నారు. గన్నేరుపప్పును ప్రకృతి ఇచ్చినదియే గదా!

చక్కెర జబ్బు విషయము కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన రైతునకు పొలములోనే ప్రాణాపాయము ఈ దారిని రాగలదు. గ్లిమిపిరైడు, గ్లిబెన్‌క్లమైడు అను మాత్రలు క్లోమము నుండి ఇన్సులినును వెలికి తెప్పించి రక్తములోని చక్కెరను దించును. కాకరరసము, పొడపత్రి, మెంతులు కూడ కొంతవఱకు దించునవే. 1979లోనే లాన్సెట్ అను వైద్యపత్రికలో, క్లోర్‌ప్రొపమైడు అను ఆ జాతి మాత్రనే వాడుచున్న ఒక స్త్రీకి కాకరకాయ కూర తినునపుడు చక్కెర మామూలుకంటె తగ్గుచుండుట ప్రకటింపబడెను. ఎప్పుడో ఒకనాడు తిను కూరకు భయపడ నక్కఱలేదు. ప్రతిదినము గ్లాసెడు రసమో, చెంచాలకొలది పొడియో పుచ్చుకొనుట వేఱు సంగతి.

మాత్ర వేసికొని, పైన పొడపత్రి పొడి త్రాగి, చద్ది తినక, తెలతెలవారుచుండగనే పైరునకు మందు పిచికారి చేయబోయిన రైతు ఒకటి రెండు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడి గట్టుమీద కూలిపోవచ్చును. ప్రక్కవారు ఎండదెబ్బ యనియో, పురుగుమందు సోకినదనియో తలంతురు. పురుగుమందు సోకినవానికిని చెమట పట్టును గనుక ఆ పొరబాటు సహజమే. చక్కెర మాత్రలు వాడువాడని తెలిసినచో, తెలివి యుండి మ్రింగగలిగినపుడు మూడు చెంచాల చక్కెర గాని, అంతటి బెల్లము గాని నీళ్లలో కలిపి త్రాగింపవలెను. తెలివి తప్పినవాని నోట ఏమియు పోయరాదు; 108 బండిని పిలిపింపవలెను. పురుగుమందు సోకెనను అనుమానము ఏమాత్రమున్నను ఆస్పత్రికి చేర్చుటలో జాగు కూడదు. తేరుకొన్నాడు గదా యని ఇంటియొద్ద ఉంచుటయు తప్పే. ఈ జాతి మాత్రలవలన దిగిన చక్కెర కొన్ని గంటలకు మఱల దిగవచ్చును.

ఇచ్చట ఫార్మసిస్టు చేయదగినది ఏమనగా, గ్లిమిపిరైడు చీటి చేతికి వచ్చినపుడు, "దీనితోగూడ ఆకు, పొడి, కషాయము ఏదైన వాడుచున్నారా?" అని అడుగుట. వాడుచున్నారని తెలిసినచో ఆ మాట చీటిమీద వ్రాసి, వైద్యునికి చూపుమని పంపుట. చక్కెర ఎంత యున్నదో పరీక్షింపక పొడి మొదలుపెట్టరాదని, పొడి మొదలుపెట్టి మాత్రను స్వయముగా మానివేయరాదని హెచ్చరించుట. అరనిమిషపు పని.

కాని అడుగు తీరు ఒకటి కలదు. "ఆ నాటుమందులు మ్రింగుచున్నావా?" అని వెక్కిరించినట్లు అడిగినచో ఏ రైతును నిజము చెప్పడు. ఊరిలో పసరు ఇచ్చు పెద్దను అవమానించినట్లగునని ఒకరు దాతురు. కషాయమును మందుగా ఎంచక మఱియొకరు చెప్పరు. వేసికొను మందులేవియని అడిగినచో మాత్రల పేరులు మాత్రమే వచ్చును. ఉదయము లేచినది మొదలు పండుకొను వఱకు అన్నము గాక లోనికి పోవునదేమి అని అడిగినచో లేహ్యము, చూర్ణము, చిట్టెడు కషాయము, పట్టణమునుండి కుమారుడు పంపిన పొడిడబ్బా అన్నియు బయటికి వచ్చును. ఈ నేర్పు గలవానినే మేము మంచి ఫార్మసిస్టని యెంతుము.

ఇంతకును అంగడి అఱలో ప్రక్కప్రక్కన నిలిచిన డబ్బాలు ఒక్క జాతివి కావు. ఇంగ్లీషు మందులకు 1940 సంవత్సరపు ఔషధ చట్టము వర్తించును. తయారుచేయువానికిని, అమ్మువానికిని లైసెన్సు కావలెను. వైద్యుని చీటి లేనిదే అమ్మరానివి అందు పెక్కులు. ఆయుర్వేద ఔషధములకు ఆ చట్టములోనే 1964లో వేఱు అధ్యాయము చేర్చిరి. వానిని తయారుచేయువానికి లైసెన్సు కావలెను, ఆ నంబరు డబ్బామీద ఉండవలెను. అమ్ముటకు మాత్రము లైసెన్సు అక్కఱలేదు. కిరాణా కొట్టులోను, సంతలోను అవి దొరకుటకు కారణమిదియే. అందు విషపదార్థముల పట్టికలో చేరిన మూలికలుగాని, ఖనిజములుగాని కలిసిన ఔషధములపై, వైద్యుని పర్యవేక్షణలో వాడవలెనను హెచ్చరిక ముద్రింపవలెనని నియమము. ఇక మాంసకృత్తుల పొడులు, విటమినుల బిళ్లలు, మూలికాసారపు గొట్టములు అనేకము చట్టము దృష్టిలో ఆహారములే గాని మందులు కావు. వానికి 2006 సంవత్సరపు ఆహారభద్రతా చట్టమును, దాని క్రింద 2016లో చేసిన నిబంధనలును ఆధారము. డబ్బామీద 14 అంకెల లైసెన్సు నంబరుతోపాటు, వైద్య ఉపయోగమునకు కాదు అను అర్థముగల మాట స్పష్టముగ నుండవలెను.

ఈ మాట సాధారణముగ ఇంగ్లీషులో నుండును. చదువనివానికి అది గీతలే. మందుల అంగడిలో, తెల్లకోటువాని చేతినుండి వచ్చినది గనుక మందే యని అతడు నమ్మును. ఈ నమ్మకముమీదనే వ్యాపారము జరుగుచున్నది. చక్కెర జబ్బును నయము చేయుదుమని ప్రకటించుట 1954 సంవత్సరపు చట్టముచే నిషిద్ధము. అయినను అట్టి ప్రకటనలు గోడలమీదను, సెల్లుఫోనులలోను చూడని దినము లేదు. డబ్బాను చేతబట్టి, "అయ్యా, ఇది మందు కాదు, ఆహారము, మీ మాత్రకు బదులు రాదు" అని చెప్పుట ఫార్మసిస్టు ధర్మము.

మన కందఱకు ఎఱుకైన పసుపు, తిప్పతీగల విషయమే తీసికొందము. కూరలోని పసుపునకు వంక లేదు. పసుపులోని సారము దేహమునకు సరిగా పట్టదు. మిరియములోని పైపరిన్ కలిపినచో మనుష్యుని రక్తములోనికి సుమారు 20 రెట్లు ఎక్కుట 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాలవారు చూపిరి. అప్పటినుండి మిరియపు సారము కలిపిన పసుపు గొట్టములు అంగళ్లకెక్కినవి. పైపరిన్ పసుపును మాత్రమే ఎక్కించునా? మూర్ఛకు వాడు ఫెనిటాయిన్, రక్తపుపోటునకు వాడు ప్రొప్రనొలోల్ వంటి మందులను కూడ అధికముగ ఎక్కించును. అమెరికాలో మందులవలని కాలేయవ్యాధులను విచారించు పరిశోధకులు పసుపు గొట్టములవలన కాలేయము చెడిన 10 మంది వివరములను 2022లో ప్రకటించిరి. అందు ఒకరు మరణించిరి. కోట్లకొలది జనులు వాడు వస్తువునకు ఇది చిన్న సంఖ్యయే. కాని కామెర్లు వచ్చిన దినమున పసుపు గొట్టమును అనుమానించు ఇల్లు ఏది? కామెర్లకు మఱియొక పసరు వెదకుదురు.

తిప్పతీగ కోవిడు దినములలో ఇంటింట మరగినది. 2021లో ముంబయి వైద్యులు 6 గురు రోగులలోను, 2022లో దేశమునందలి 13 ఆస్పత్రుల వైద్యులు కలసి 43 మందిలోను తిప్పతీగ వాడకము తరువాత కాలేయము దెబ్బతినుటను ప్రకటించిరి. ఆయుష్ మంత్రిత్వశాఖవారు దీని నంగీకరింపక, తిప్పతీగను పోలిన వేఱొక తీగను జనులు వాడియుందురనిరి. ఈ వాదమును తీర్చుట మా పని కాదు. ఏ పక్షము నిజమైనను రైతునకు తేలునది యొక్కటే: కంచెమీది తీగను కోసి నెలలతరబడి త్రాగుట నిర్భయమైన పని కాదు, ముందే కాలేయవ్యాధి యున్నవారు, మద్యపానము చేయువారు వైద్యుని అడుగక దాని జోలికి పోరాదు. కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురురంగున వచ్చినను, అన్నము సయింపకున్నను ఆ క్షణమున మానవలెను.

ఒక వేరునకు బదులు మఱియొక వేరు వచ్చినచో ఏమగునో బెల్జియము దేశస్థులు ఎఱుగుదురు. బ్రస్సెల్స్ నగరములో ఒళ్లు తగ్గించు వైద్యశాల యొకటి 1990 దరిదాపుల చీనా మూలికల గొట్టములు ఇచ్చుచుండెను. చీనాపేరులు పోలియుండుటచే ఒక మూలికకు బదులు అరిస్టొలోకియా జాతి వేరు అందు చేరెను. 100 మందికి పైగా మూత్రపిండములు చెడి, అనేకులు రక్తశుద్ధి యంత్రము పాలైరి; తరువాత కొందరికి మూత్రమార్గమున క్యాన్సరును పుట్టెను. 1993లో వైద్యులు ఈ సంగతిని బయటపెట్టిరి. ఇది దూరదేశపు కథ యనుకొనరాదు. మన చేలగట్లమీది గాడిదగడపాకు ఆ జాతిదే. ఈశ్వరి వేరును ఆ జాతిదే. వానిని లోపలికి పుచ్చుకొనుట మానవలెనని మేము నొక్కి చెప్పుచున్నాము.

పేరు, నంబరు, తయారీదారుని చిరునామా లేక, కాగితపు పొట్లములలో వచ్చు పొడుల సంగతి మఱియొకటి. కీళ్లనొప్పులకు, ఉబ్బసమునకు ఒక్క దినములో గుణమిచ్చు పొడి దొరకినదని సంతోషింపక ముందు ఆగి ఆలోచింపవలెను. ఆకు అంత వేగముగ పనిచేయదు, స్టెరాయిడు చేయును. మూలికామందులను పేర అమ్ముడుపోవు వస్తువులలో డెక్సామెథసోను, డైక్లోఫెనాకు వంటి ఇంగ్లీషు మందులు దొంగతనముగ కలుపబడుట పలుదేశములలో పట్టుబడినది; 2022లో అమెరికా ఔషధశాఖవారు కీళ్లనొప్పుల డబ్బాలపై ఇట్టి హెచ్చరికనే చేసిరి. ముఖము గుండ్రముగ ఉబ్బుట, చక్కెర పెరుగుట, ఎముకలు గుల్లబారుట దాని ఫలములు. అందు స్టెరాయిడు కలదని అనుమానము కలిగినపుడు చటుక్కున మానుటయు ప్రమాదమే. దేహము తన స్వంత రసమును ఊఱించుట మఱచియుండును గనుక రక్తపుపోటు పడిపోవచ్చును. పొట్లముతో సహా వైద్యునియొద్దకు పోవలెను. సీసము, పాదరసము, పాషాణము కలియుటయు కలదు. 2004లో బోస్టను నగర ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద ఔషధములలో 14 యందు ఇవి కనబడెను. ఆ 70యును మన దక్షిణాసియాలో తయారై పోయినవి. మంచి కంపెనీలకు చెడ్డపేరు వచ్చుటయు ఇందువలననే.

రక్తపుపోటు గలవారు వినవలసిన చిన్న సంగతులు కొన్ని యున్నవి. దగ్గునకు, కడుపుమంటకు వాడు అతిమధురము దినము విడువక పుచ్చుకొన్నచో దేహములో ఉప్పును, నీటిని నిలిపి, పొటాషియమును పోగొట్టి పోటును పెంచును. నీరుపోవు మాత్రలు, గుండెకు డిగాక్సిను వాడువారికి ఇది మఱింత చెఱుపు. సునాముఖి నిత్యము వాడినను పొటాషియము పోవును. లవణభాస్కర చూర్ణములో పేరులోనే ఉప్పు కలదు. లేహ్యములలో బెల్లమో, చక్కెరయో ఉండును గనుక అవి చక్కెర రోగులకు తగవు. ఆసవములు, అరిష్టములు పులియుటచే తమంతట పుట్టిన మద్యసారము గలవి. ఇసబ్‌గోలు పొట్టును మాత్రలతో కలిపి మ్రింగినచో మాత్ర సరిగా పట్టదు. ఆస్పిరిను, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తము పలుచన చేయు మందులు వాడువారు వెల్లుల్లి గొట్టములు, గింకో బిళ్లలు ఫార్మసిస్టును అడుగక వేసికొనరాదు. ఆపరేషనుకు గాని, పన్ను పీకించుకొనుటకు గాని పోవునపుడు వీనిని దాచక చెప్పవలెను.

విటమినుల యందు అధికమైనది వృథాగా పోవుననుకొనుట కూడ పొరబాటు. 60,000 యూనిట్ల విటమిన్ డి పొట్లమును వైద్యులు వారమునకు ఒకటి చొప్పున వ్రాయుదురు. చీటి చదువలేనివారు, లేదా చెప్పినది వినక తొందరపడువారు దినమునకు ఒకటి చొప్పున పుచ్చుకొన్నచో రక్తములో కాల్షియము పెరిగి, వాంతులు పుట్టి, మూత్రపిండములు దెబ్బతినును. పొట్లముమీద ఆదివారమని పెన్నుతో వ్రాసి యిచ్చు ఫార్మసిస్టు ఆ రోగికి చేసిన ఉపకారము ఇంతింత కాదు. గర్భిణీస్త్రీలకు ప్రభుత్వము ఉచితముగ ఇచ్చు ఇనుపధాతువు మాత్రను, కాల్షియము మాత్రను ఒక్కమారు వేసికొనరాదు. కనీసము 2 గంటల ఎడము ఉండవలెను. ఇనుపధాతువు మాత్రమీద టీ త్రాగరాదు. తల్లులు, అత్తలు ఆమెకు పెట్టు ఏ చూర్ణమునైనను ఫార్మసిస్టునో, ఆరోగ్య కార్యకర్తనో అడుగక పెట్టకుందురుగాక.

ఇదంతయు చెప్పుటకు ఫార్మసిస్టు కుర్చీలో నుండవలెను. మందులు ఇచ్చుపని చదివినవాని చేతనే జరుగవలెనని 1948లోనే ఫార్మసీ చట్టము వచ్చెను. రోగితో మాటలాడి మోతాదు, దుష్ఫలితములు, మందులు ఒకదానితో నొకటియు ఆహారముతోను కలియుటవలని మార్పులు వివరించుట అతని పని యని 2015 సంవత్సరపు నిబంధనలు విశదముగ చెప్పుచున్నవి. అయినను అనేకచోట్ల గోడమీద వ్రేలాడు సర్టిఫికెట్టు ఒకరిది, బల్ల వెనుక నిలిచినవాడు వేఱొకడు. సర్టిఫికెట్టునకు నెలకింతయని అద్దె చెల్లును. చదివినవాడు మఱియొక ఊర నుండును. అట్టి అంగడిలో అమ్మకమే గాని అడుగుట లేదు. బలము డబ్బాలమీద లాభము హెచ్చుగనుక, చీటి తెచ్చిన ప్రతివాని సంచిలో ఒక డబ్బా పడును. కూలి చేసికొను కుటుంబము పాలు, గ్రుడ్లు, పప్పు మానుకొని ఆ డబ్బా కొనుట మేము చూచుచున్న సంగతియే. మాంసకృత్తులు గావలసినవానికి మన కందిపప్పు, వేరుసెనగలు చాలునని చెప్పినచో డబ్బా అమ్ముడుపోదు గదా.

కావున కేంద్రము తెఱచిన, తెఱవబోవు సంఘముల పాలకవర్గములకు మా మనవి యేమనగా: ఫార్మసిస్టు పని గంటలు తలుపుమీద వ్రాయింపవలెను, అతడు లేని గంటలలో గుమాస్తాచేత మందులు ఇప్పింపరాదు. బలము మందుల అమ్మకమునుబట్టి అతనికి బహుమతిగాని, నిర్ణీతమొత్తముగాని పెట్టరాదు. ఈ నియమమువలన లాభము కొంత తగ్గును. సర్వసభ్య సమావేశములో ఆ తగ్గుదలను తప్పుగా ఎంచక సభ్యులు సమ్మతింపవలెను. అమ్మకుండుటచేత సభ్యునకు మిగిలిన సొమ్ము జమాఖర్చు పట్టికలో కనబడదు. ఆహారజాతి డబ్బాలను మందుల అఱలో కలుపక వేఱుగ నుంచి, ఇవి మందులు కావని తెలుగులో పెద్ద అక్షరములతో బోర్డు పెట్టవలెను.

అప్పు పద్దులకు సంఘము సభ్యునకు పాసుబుక్కు ఇచ్చుచున్నది. మందులకును అట్టి చిన్న పుస్తకము ఒకటి కుటుంబమునకు ఇచ్చినచో ఖర్చు స్వల్పము, ప్రయోజనము మిక్కుటము. ఎవరు ఏ మాత్ర, ఏ వేళ వేసికొందురో ఒక పుటలోను, ఏ కషాయము, ఏ చూర్ణము, ఏ డబ్బా వాడుచున్నారో ఎదుటి పుటలోను వ్రాయవలెను. ఏ మందు పడక దద్దురులు లేచినవో, ఎవరికి మూత్రపిండముల జబ్బు కలదో మొదటి పుటలో ఎఱ్ఱసిరాతో వ్రాయవలెను. ఫార్మసిస్టు చూచి సంతకము చేయును. ఆస్పత్రికి పోవునపుడు చీటీలతో పాటు అదియు వెంట పోవును. రాత్రివేళ 108 బండిలో తెలివిలేక పోవుచున్న ముసలివాని తరపున ఆ పుస్తకమే మాటలాడును.

మందువలనగాని, మూలికవలనగాని, డబ్బాలోని పొడివలనగాని కీడు జరిగినట్లు తోచినపుడు మిగిలిన వస్తువును పాఱవేయరాదు. డబ్బా, పొట్లము, రసీదు భద్రపఱచి, మొదలుపెట్టిన తేదీని, కీడు కనబడిన తేదీని వ్రాసికొని ఫార్మసిస్టునకు చూపవలెను. మందుల దుష్ఫలితములను నమోదుచేయుటకు 2010లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము ఘజియాబాదులోని భారత ఔషధ ప్రమాణ సంస్థ ఆధ్వర్యమున నడచుచున్నది. వైద్యుడే కానక్కఱలేదు, రోగియే స్వయముగ 1800-180-3024 నంబరునకు ఖర్చులేకుండ ఫోనుచేసి తెలుపవచ్చును. రోగులు నింపు పత్రము తెలుగులోను కలదు. సంఘ కార్యదర్శులు కొన్ని ప్రతులు అచ్చొత్తించి, రసీదు పుస్తకముల ప్రక్కన ఉంచవలెను.